గీకకూడని గార

పళ్ళ డాక్టరు ఆస్పత్రి తలుపులు తెరవకముందు ఆయన భార్య రోజూ చేసే పని ఒకటుంది. డాక్టరు వాడి వాడి మొన అరగదీసిన స్కేలర్ ఒకటి చేత పట్టుకుని, ముందుగదిలో కుర్చీల చేతుల మీద కట్టిన గులాబీ రంగు గార గీకుతుంది. స్కేలర్ అంటే మరేం లేదు, పళ్ళ మీద గట్టిపడ్డ గారని ఊడదీసే కొక్కెం. కుర్చీలయ్యాక గోడగడియారం అద్దం, ఆ తర్వాత టోకెన్ల బల్ల మీది గంట. గంట నాలుక మీద గార పడితే ఖంగున మోగాల్సింది టప్పుమంటుంది, పిలిచిన పేషెంటు కదలడు. అన్నీ అయ్యాక రాలిన పొడిని చీపురుతో ఎత్తి, అప్పుడు తలుపు తీస్తుంది.

ఈ గార ఎక్కడిదంటే అక్వేరియందే. ముందుగదిలో గోడ పొడుగునా ఉప్పునీళ్ళ అక్వేరియం ఉంది. పన్ను పీకించుకోడానికి వచ్చినవాళ్ళు చేపల్ని చూస్తూ కూచుంటే లోపల్నించి వచ్చే మిషను చప్పుడు చెవిన పడదని డాక్టరు పెట్టించాడు. చేపలు నాలుగైదే. తొట్టి నిండా ఉన్నవి రాళ్ళు.

ఇక్కడ కాస్త ఆగి ఆ రాళ్ళ సంగతి చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. చూడ్డానికి రాళ్ళే గానీ అవి వట్టి రాళ్ళు కావు. ఎప్పుడో చచ్చిపోయిన పగడాల ఎముకలు అనుకోండి. రొట్టె ముక్కలో ఉన్నట్టు లోపలంతా చిల్లులు. ఆ చిల్లుల్లో కంటికి కనపడని జీవులు కోట్లకొద్దీ కాపురం ఉంటాయి. చేపలు తిన్నది తిని, వదిలేది వదులుతాయి కదా, ఆ మురికి నీళ్ళలో విషమవుతుంది. రాయి పైపొరలో ఉన్న జీవులు ఆ విషాన్ని సగం విరిచేస్తే, గాలి సరిగా ఆడని లోపలి గదుల్లో ఉన్నవి మిగతా సగం కానిస్తాయి. ఆ తొట్టికి పారిశుద్ధ్య శాఖ అంతా ఆ రాళ్ళలోనే ఉందన్నమాట. అందుకే వాటిని బతికున్న రాళ్ళంటారు.

వాటి పైన గులాబీ, ఊదా రంగుల్లో గట్టి పొర ఒకటి కడుతుంది. అది నాచు. నాచంటే పచ్చగా, కాలు వేస్తే జారేలా ఉంటుందనుకుంటాం. ఇది అలా కాదు, నీళ్ళలో ఉన్న సున్నాన్ని తీసుకుని తన ఒంటిని తానే రాయి చేసుకుంటుంది. కోరలైన్ అంటారు. నీళ్ళు బాగుంటేనే వస్తుంది. నెమ్మదిగా వస్తుంది. అది కట్టిందంటే ఆ తొట్టి కుదురుకున్నట్టే అంటారు తెలిసినవాళ్ళు. డాక్టరింట్లో మాత్రం దాన్ని గార అనే అనేవాళ్ళు. పళ్ళ డాక్టరింట్లో గట్టిగా అంటుకున్న దేనికైనా అదే పేరు.

ఆ ఇంట్లో గార అక్వేరియం అద్దం దగ్గర ఆగేది కాదు. ఎక్కడ ఏది కుదురుగా ఉంటే దాని మీదికి వచ్చేది. డాక్టరు కూచునే గుండ్రటి స్టూలు కాళ్ళకి, టోకెన్ల బల్లకి, మేడమీద వంటింట్లో మొగుడూ పెళ్ళాల కాఫీ కప్పుల అడుగుకి పట్టి ఉండేది. పేషెంట్లు మరీ ఎక్కువసేపు కూచుంటే మోచేతుల మీద చుక్కలు పడేవి. డాక్టరు భార్య "చెయ్యి ఇలా ఇవ్వండి" అని రెండు గీతలు గీకి లోపలికి పంపేది. వాళ్ళూ ఫోన్లోంచి తల ఎత్తకుండానే చెయ్యి చాచేవాళ్ళు. కూతురు ఉద్యోగానికని వేరే ఊరు వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి ఆ పిల్ల కప్పు అడుగున ఉన్న గార దానంతటదే పెళుసై రాలిపోయింది. తల్లి ఆ పొడిని చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, చెత్తలో వెయ్యకుండా తీసుకెళ్ళి అక్వేరియంలో కలిపింది.

ఆ ఇంట్లో ఒక్క కప్పుకి మాత్రం ఎన్నడూ గార పట్టలేదు. అది వంతులత్త కప్పు.

వంతులత్త డాక్టరుకి అక్క. ఆయన తర్వాత ఇంకో ఇద్దరు తమ్ముళ్ళు. అమ్మానాన్నలు తొందరగా పోతే ఆమె బేకరీలో పనికి కుదిరి, పిండి పిసికి ముగ్గుర్నీ చదివించింది. పెళ్ళి మాటెత్తితే "పిండి కలపడానికే చేతులు చాలట్లేదు, ఇంకా తాళెక్కడ కట్టించుకోను" అని నవ్వేసేది. ఆమె పని మానేసిన రోజున తమ్ముళ్ళు ముగ్గురూ అక్క నా దగ్గరుండాలంటే నా దగ్గరుండాలని పోట్లాడుకున్నారు. ప్రేమతోనే పోట్లాడుకున్నారు, ఆ మాట చెప్పాలి. అప్పుడామె బన్ను కోసినట్టు ఏడాదిని మూడు ముక్కలు కోసింది. ఒక్కొక్కరింట్లో నాలుగేసి నెలలు. "ఇంకెవరైనా నోరెత్తారో, సత్రంలో ఉంటాను" అంది. ఎవరూ నోరెత్తలేదు. అన్నదమ్ముల పిల్లలు కలిసి ఆమెకి వంతులత్త అని పేరు పెడితే ఆ పేరుకే పలికేది.

ఆమెకో నీలం పెట్టె ఉంది. ఏ ఇంట్లోనూ దాన్ని పూర్తిగా ఖాళీ చేసేది కాదు. పైన బట్టలు తీసి కట్టుకోవడం, ఉతికి ఆరేసి మళ్ళీ అందులోనే పెట్టుకోవడం.

"బీరువాలో ఒక అర ఖాళీ చేసి పెట్టాను వదినా," అనేది డాక్టరు భార్య వచ్చిన ప్రతిసారీ.

"నాలుగు నెలల ముచ్చటకి అరెందుకమ్మా," అనేది ఆమె.

అలా ఏళ్ళు నడిచాయి. గార పట్టాలంటే కుదురు కావాలి. ఆమెకి కుదురు చిక్కేలోపు వంతు అయిపోయేది.

ఈసారి ఆమె డాక్టరింటికి వచ్చేసరికి అక్వేరియం చూసే మనిషి పని మానేసి ఉన్నాడు. మోకాళ్ళ నొప్పికి మెట్లెక్కలేక ఆమె కిందే, అక్వేరియం వెనక చిన్నగదిలో మంచం వేయించుకుంది. పెట్టె తొట్టి గోడ వారగా నేలమీద పెట్టుకుంది. పొద్దున లేస్తే పంపు గుడగుడ, పడుకుంటే పంపు గుడగుడ. "ఎలాగూ దీని పక్కలోనే పడుకుంటున్నాను, నేనే చూస్తాలే," అంది.

మొదటి వారంలోనే తప్పు చేసింది. తొట్టిలో నీళ్ళు రోజూ కాస్త తగ్గుతున్నాయి కదా, ఇది సముద్రం కదా అని, ఉప్పు కలిపిన నీళ్ళే రోజూ పోసింది. నత్తలు గుల్లలోంచి తల బయటపెట్టడం మానేశాయి. అక్వేరియం చేపల కొట్టు ఆయనకి కబురు పెడితే వచ్చి, ఒక చుక్క నీళ్ళు గొట్టం లాంటి సాధనం మీద వేసి, కిటికీ కేసి ఎత్తి చూశాడు. ఆయనకి పై దవడలో ఒక పన్ను ఎప్పట్నించో సలుపుతోంది. డాక్టరు కంటపడితే పీకేస్తాడని ఆ ఇంట్లో ఉన్నంతసేపూ పెదాలు బిగించే మాట్లాడేవాడు.

"అమ్మా, మీరు చేపల్ని పెంచుతున్నారా, ఉప్పులో ఊరేస్తున్నారా?"

"అదేంటి నాయనా, సముద్రానికి ఉప్పొద్దా?"

"కావాలి. మొదట్లో ఒకసారి వేశారుగా. లైట్ల వేడికి ఆవిరై పోయేది నీళ్ళే. ఉప్పు ఎక్కడికీ పోదు. పోయినదాన్ని పొయ్యాలి గానీ ఉన్నదాన్నే మళ్ళీ పోస్తే ఎలా? శుద్ధి చేసిన మంచినీళ్ళు పొయ్యండి."

"ఉప్పు ఎక్కడికీ పోదు," అని ఆమె ఒకసారి పైకి అనుకుంది. తర్వాత ఇంకెప్పుడూ ఆ తప్పు చెయ్యలేదు.

మిగిలినవి ఆమెకి చేతులు నేర్పాయి. లైటు మరీ ఎక్కువైతే గార పాలిపోతుందనీ, పచ్చనాచు పైకెక్కి కూచుంటుందనీ చూసి తెలుసుకుంది. పొయ్యి మంట తగ్గించినట్టు లైటు తగ్గించింది. నీళ్ళు ఒకేచోట నిలవకుండా పంపు మూతి తిప్పి, రాళ్ళ సందుల్లోకి కూడా ప్రవాహం వెళ్ళేలా చేసింది. కాల్షియం, మెగ్నీషియం రెండూ చూసుకోవాలని కొట్టాయన చెప్తే, "ఒకటి పిండి, ఒకటి ఈస్టు, ఏది తక్కువైనా పొంగదు. అంతేగా?" అంది. "అంతే" అన్నాడాయన, నోరు తెరవకుండా. చేపలకి మేత చిటికెడే వేసేది. పేషెంట్ల పిల్లలు బిస్కెట్ వేస్తామని ఎగబడితే, "మీ తిండి మీరు తినండి, వాటి తిండి అవి తింటాయి, లేకపోతే రాళ్ళకి అజీర్తి" అని అదిలించేది.

సాయంత్రం ఆఖరి పేషెంటు వెళ్ళాక ఆమె తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూచునేది. రాళ్ళ మీద గులాబీ రంగు అంచులు జరుపుకుంటూ ఒక రాయి నించి పక్క రాయికి దాటుతుంటే చూడ్డం ఆమెకి బాగుండేది. జీవితంలో మొదటిసారి ఆమెకో కోరిక పుట్టింది. నాలుగు నెలలు అయ్యాక కూడా ఇక్కడే ఉండాలని. రేపేమవుతుందో, వచ్చే నెలకి ఏమవుతుందో తనే చూడాలని. కానీ వంతులు పెట్టింది తను. రూలు పెట్టిన నోటితోనే దాన్ని ఎలా తప్పుతుంది? ఎవరైనా అడిగితే అదో సంగతి. ఎవరూ అడగలేదు. అడగడానికి వాళ్ళకి మాత్రం ఏం తెలుసు, ఆమె ముగ్గురిళ్ళలోనూ ఒకేలా నవ్వుతూ ఉండేది.

ఒక ఆదివారం వదినా మరదళ్ళు కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళారు. ఇంట్లో డాక్టరు ఒక్కడే ఉన్నాడు. డాక్టరు మంచివాడు, చెయ్యి తేలిక, కానీ గార కనిపిస్తే ఆగలేడు. ఎవరి ఫోటో చూపించినా మొహం చూడడు, పళ్ళు చూస్తాడు. అక్క ఇంత కష్టపడుతోంది, నేనూ ఒక చెయ్యి వేద్దామనుకున్నాడు. తొట్టిలోంచి రాళ్ళన్నీ తీసి, పేషెంటు కుర్చీలో ఒక్కొక్కదాన్నే కూచోబెట్టి, పైన దీపం వేసి, మిషనుతో గార మొత్తం గీకేశాడు. మూలల్లో కొక్కెంతో తీశాడు. బ్రష్షుతో రుద్ది, కుళాయి కింద కడిగి, మళ్ళీ వరసగా తొట్టిలో పేర్చాడు. ఈల కూడా వేసుకుంటూ చేశాడు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి తొట్టిలో తెల్లటి రాళ్ళు తళతళలాడుతున్నాయి.

"చూడక్కా, ఎలా మెరుస్తున్నాయో! ఒక్కదానికైనా మచ్చుందేమో చూపించు!"

వంతులత్త చేతిలో సంచి కింద పెట్టింది.

"నీ చదువు తగలెయ్య, చంపేశావు కదరా."

"చంపడమేంటి? క్లీన్ చేశాను."

"అది మురికి కాదురా, చర్మం! కుళాయి నీళ్ళ కింద కడిగావు కూడానా? లోపల కాపురాలున్నవాళ్ళంతా ఏమయ్యుంటారు?"

డాక్టరు ఈల ఆగిపోయింది. తళతళలాడే రాళ్ళకేసి చూశాడు, చేతిలో ఉన్న బ్రష్షుకేసి చూశాడు, ఆ బ్రష్షుని జేబులో దాచుకున్నాడు.

మర్నాటికి నీళ్ళు పాలలా మారాయి. చేపలు పైకొచ్చి మూతులు తెరిచి ఆడించసాగాయి. ఇంట్లో గార కూడా సుద్దలా తెల్లబడి రాలిపోయింది. దాంతో ఆ ఇంట్లో వస్తువులకి కుదురు పోయింది. డాక్టరు కూచోబోతే స్టూలు జారి గోడదాకా వెళ్ళేది. కళ్ళజోడు బల్ల మీద పెడితే మంచం కింద దొరికేది. కాఫీ కప్పులు చెప్పాపెట్టకుండా ఒకరిది ఒకరి దగ్గరికి చేరేవి. పేషెంట్లు వచ్చి రెండు నిమిషాలు కూచుని, "మళ్ళీ వస్తాం" అని లేచిపోయేవాళ్ళు. పక్కవీధిలో ఇంకో పళ్ళ డాక్టరున్నాడని చాలామందికి ఆ వారంలోనే గుర్తొచ్చింది.

వంతులత్త మాత్రం కంగారుపడలేదు. చేపల్ని మంచి ఉప్పునీళ్ళున్న బకెట్లలోకి మార్చి, గాలి గొట్టాలు పెట్టించి, కొంగు బొడ్లో దోపుకుని తొట్టి ముందు నిలబడింది.

"బేకరీలో పిండి పాడైందనుకో, ఏం చేసేవాళ్ళం? ఏడిచేవాళ్ళమా? పాత పిండి ముద్ద నిమ్మకాయంత ఎక్కడైనా మిగిలిందా అని వెతికేవాళ్ళం. అదుంటే మళ్ళీ అంతా పులుస్తుంది. నువ్వు వదిలేసింది ఏమైనా ఉందా?"

"నేనా? నేనెందుకు వదుల్తాను అక్కా," అన్నాడు డాక్టరు, అంత బాధలోనూ కొంచెం రోషంగా.

ఆమె చెయ్యి పెట్టి తడిమింది. పంపు వెనక, ఎవరి చూపూ పడని మూలలో, పిడికెడంత రాయి ఒకటి తగిలింది. పైకి తీస్తే గులాబీ రంగులో నిండుగా ఉంది. డాక్టరు దాన్ని చూసి నెత్తి గోక్కున్నాడు.

"చివరి పన్ను వెనకాల," అన్నాడు నెమ్మదిగా. "రోజూ అందరికీ చెప్తాను, అక్కడే వదిలేస్తారు జాగ్రత్త అని."

డాక్టరు భార్య నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చేపల కొట్టు ఆయన తన తొట్టిలోంచి గార పట్టిన రాయి ఇంకొకటి తెచ్చి ఇచ్చాడు. డాక్టరు వైపు తిరిగి, పెదాలు విప్పకుండా, "ఇప్పుడు గీకండి డాక్టర్ గారూ," అన్నాడు.

"నేనా? మళ్ళీనా?"

"కాస్తే. ఒక అంచున. ఊడిన పొడి నీళ్ళలోనే, పంపు ముందే పడాలి. అది కొట్టుకుపోయి రాళ్ళ మీద ఎక్కడ పడితే అక్కడ పట్టుకుంటుంది. అదే దాని విత్తనం."

డాక్టరు అంత జాగ్రత్తగా ఏ పేషెంటు పన్నూ ముట్టుకోలేదు. నీళ్ళలో చేతులు ముంచి, వేలికొసంత అంచు గీకాడు. గులాబీ పొడి మేఘంలా లేచి, తెల్లటి రాళ్ళ మీదుగా చెదిరిపోయింది.

"మళ్ళీ ఎప్పటికి మామూలవుతుంది?" అని అడిగింది వంతులత్త.

"లోపల ప్రాణం నెలా నెలన్నరలో వస్తుంది. అప్పుడు చేపల్ని వదలొచ్చు. పైన చుక్కలు కనిపించడానికి ఇంకొన్నాళ్ళు. రాళ్ళన్నీ పూర్తిగా కప్పుకోవాలంటే..." ఆయన తొట్టిని తేరిపార చూశాడు. "ఏడాది అనుకోండమ్మా. రోజూ చూసే మనిషుంటే."

వంతులత్త తల ఊపింది. ఆమె వంతు అప్పటికి సగం పైనే అయిపోయింది. ఆ తర్వాత నడిపి తమ్ముడిల్లు, ఆ తర్వాత చిన్న తమ్ముడిల్లు. చుక్కలు చూస్తుందేమో గానీ నిండుగా కప్పుకోవడం చూసేది ఆమె కాదు.

అయినా చేతిలో ఉన్న రోజుల్ని ఆమె తీసిపారెయ్యలేదు. నీళ్ళు మార్చింది, పరీక్ష గొట్టాల్లో రంగులు చూసింది, ఆవిరైనంత మంచినీళ్ళు పోసింది, కాల్షియం చుక్కలు చుక్కలుగా వేసింది. డాక్టరు చేత లైట్ల గాజు తుడిపించింది. "తుడవడమే. రుద్దకు" అని పక్కనే నిలబడింది. ఆ హడావుడిలో పెట్టె సంగతే మర్చిపోయింది. మంచం మీంచి వంగి మూత ఎత్తడం, చేతికొచ్చిన బట్ట తీసుకోవడం, మళ్ళీ మూత వేసెయ్యడం.

ఒకరోజు వదినా మరదళ్ళు కింద చిన్నగది కిటికీ దగ్గర కాఫీ తాగుతున్నారు. చేపలు అప్పటికి తొట్టిలోకి తిరిగి వచ్చాయి.

"మీరు వెళ్ళాక దీన్నెవరు చూస్తారో ఏమో వదినా," అంది డాక్టరు భార్య.

"ఎవరో ఒకరు చూస్తారులే," అంది వంతులత్త.

డాక్టరు భార్య కప్పులోకి చూసింది. ఆమె ఒక మాట అంటుందేమోనని ఈమె, ఈమె ఒక మాట అంటుందేమోనని ఆమె కాసేపు ఆగారు. ఉండమంటే నా మరిది ఏమనుకుంటాడో అని ఈవిడకి, ఉంటానంటే నా తమ్ముడేమనుకుంటాడో అని ఆవిడకి. మరిదీ తమ్ముడూ ఒకడే, ఆ నడిపివాడే. కాఫీ చల్లారింది.

మొదటి చుక్క తొట్టిలోపలి థర్మామీటరు మీద కనిపించింది, ఆవగింజలో సగం. డాక్టరు ముక్కు మీదికి భూతద్దాలు దించుకుని చూసి, "అదే! అదే!" అని అరిచాడు. బయట కూడా మొదలైందని మాత్రం చేపల కొట్టు ఆయన వల్ల తెలిసింది. నీళ్ళు చూడ్డానికి వచ్చి, కుర్చీలో చేరబడి వంతులత్తతో మెగ్నీషియం గురించి మాట్లాడుతూ కాస్త ఎక్కువసేపు కూచున్నాడు. లేవబోతే రెండు మోచేతులూ కుర్చీకి పట్టేసి ఉన్నాయి.

"అమ్మగారూ, కాస్త గీకుతారా?" అన్నాడు డాక్టరు భార్యతో.

ఆవిడ స్కేలర్ కోసం సొరుగు తెరిచింది. తెరిచి, మళ్ళీ మూసేసి, లోపలికి కేకేసింది. "ఏమండీ! ఒకసారి ఇటు రండి. అద్దం తీసుకురండి."

డాక్టరు వచ్చి పేషెంటు ఎక్కడికీ పోలేడని చూసుకుని, చల్లగా నవ్వి, "నోరు తెరవండి," అన్నాడు. ఎప్పట్నించో సలుపుతున్న పన్ను ఆ పూటే పోయింది. ఆ తర్వాత ఆయన నోరు నిండా తెరిచి మాట్లాడుతుంటే ఎంత మాటకారో అందరికీ తెలిసింది.

పేషెంట్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. స్టూలు ఉన్నచోట ఉండసాగింది. కప్పులు ఎవరివి వాళ్ళ దగ్గర నిలిచాయి. రాళ్ళ మీద అక్కడక్కడా గులాబీ చుక్కలు పుట్టి, ఒకదాని వైపు ఒకటి జరగడం మొదలుపెట్టాయి. వంతులత్త వంతు ఆఖరి రోజు కూడా వచ్చింది.

నడిపి తమ్ముడు కారేసుకుని వచ్చాడు. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. మనిషి దిట్టం, గొంతు అంతకన్నా దిట్టం.

"అక్కా! పద పద. మీ మరదలు పొద్దుట్నించీ గుమ్మంలోనే నిలబడింది. గదికి కొత్త పరదాలు కూడా వేసింది."

"వస్తున్నా. చేపలకి మేత వేసి వస్తున్నా," అంది వంతులత్త. చిటికెడు మేత వెయ్యడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

"నీ పెట్టె ఏదీ? నేను కార్లో పెట్టేస్తాను." నడిపివాడు చిన్నగదిలోకి వెళ్ళాడు. "ఉఁ" అన్న చప్పుడు వినిపించింది. ఇంకోసారి, కాస్త పెద్దగా, "ఉఁఉఁ" అని వినిపించింది.

"ఏరా, లిఫ్టులెత్తేవాడివి, నా పెట్టె ఎత్తలేవా?"

"రావట్లేదక్కా. ఇందులో రాళ్ళు పెట్టావా?" వాడు వంగి చూశాడు. "ఓ, ఇదా. గార పట్టేసింది. అన్నయ్యా! నీ కొక్కెం పట్రా!"

డాక్టరు నుదుటికి దీపం కట్టుకుని, స్కేలర్ పట్టుకుని వచ్చాడు. వెనకే ఆయన భార్య వచ్చింది. వంతులత్త గుమ్మంలో నిలబడింది. డాక్టరు మోకాళ్ళ మీద కూచుని దీపం వంచాడు. నీలం పెట్టె అడుగు చుట్టూ, నేలకీ పెట్టెకీ మధ్య, పసిపిల్లల చిగుళ్ళ రంగులో పొర ఒకటి కట్టి ఉంది. ఎక్కడా సందు లేదు. కొత్త గార అంత శుభ్రంగా కట్టడం డాక్టరు తన తొట్టిలో కూడా చూడలేదు.

కొక్కెం మొన అంచుకి ఆనించాడు. ఒక్క తోపు చాలు, అంతా పెళ్ళలుగా ఊడొస్తుంది. ఎలా ఊడుతుందో ఆయన చేతికి తెలుసు.

చెయ్యి కదల్లేదు.

"కానీ అన్నయ్యా, ట్రాఫిక్ ముదురుతుంది," అన్నాడు నడిపివాడు.

డాక్టరు మొన వెనక్కి తీసుకున్నాడు. నుదుటి దీపం ఆర్పేసి, గుమ్మం వైపు తల తిప్పాడు.

"గీకమంటావా, అక్కా?"

ఇన్నేళ్ళలో తమ్ముళ్ళు ఆమెని ఎన్నో అడిగారు. ఎప్పుడొస్తావు, ఏం తింటావు, మోకాలెలా ఉంది, ఫ్యాను ఎక్కువైందా అని. ఇలాంటిది మాత్రం ఎవరూ అడగలేదు. వంతులత్త లోపలికి వచ్చి, మంచం పట్టుకుని మెల్లిగా వంగింది. కాలిన రొట్టె పైపొరని తట్టి చూసినట్టు గారని గోటితో రెండుసార్లు తట్టింది. గట్టిగా పలికింది.

"వద్దురా," అంది. "బాగా పట్టింది. ఉండనీ."

ముందుగా తేరుకున్నది నడిపివాడే.

"ఉండనీ ఏంటక్కా? మరి నా వంతో?"

"నీ వంతు అయింది, వీడి వంతు అయింది, చిన్నవాడి వంతూ ఎన్నోసార్లు అయింది." ఆమె నడుము నిటారు చేసుకుని నిలబడింది. "ఇప్పుడు నా వంతు."

వాడు అక్క మొహం చూశాడు. చిన్నప్పుడు రొట్టె పంచేటప్పుడు ఆ మొహం చూసి ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. కాసేపటికి కారు తాళాలు పక్కన పడేసి మంచం మీద కూలబడ్డాడు.

"ఇంటికెళ్ళి మీ మరదలికి ఏం చెప్పను? పరదాలు కూడా కొనిందే!"

"గార పట్టిందని చెప్పు, అర్థమవుతుంది. పరదాలు చూడ్డానికి వచ్చే ఆదివారం వస్తాను. చేతిసంచితో వస్తాను, సాయంత్రానికి దింపెయ్యి. తొట్టికి నీళ్ళు పొయ్యాలి."

"అంటే చుట్టపుచూపుగా వస్తావా?"

"చుట్టాన్నయితే కాఫీలో పంచదార ఎక్కువ వేస్తారు. నాకదే బాగుంటుంది."

నడిపివాడు ఎంత ఆపుకున్నా నవ్వొచ్చేసింది. డాక్టరు భార్య ముక్కు చీది, వెంటనే గొంతు గట్టి చేసుకుంది. "మరిదిగారూ, ఆ కారు తాళాలు మంచం మీంచి తీసి జేబులో పెట్టుకోండి. ఇవాళ ఈ గార ఊపు చూస్తే మిమ్మల్ని కూడా ఉంచేసుకునేలా ఉంది."

వాడు గబుక్కున తాళాలు తీసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే వంతులత్త పెట్టె మూత ఎత్తి, అడుగుదాకా అన్నీ బయటికి తీసింది. ఎన్నో ఏళ్ళుగా వెలుతురు చూడని శాలువా, బేకరీలో కట్టుకున్న తెల్ల ఏప్రను, ముగ్గురు తమ్ముళ్ళూ పళ్ళూడిన నోళ్ళతో నవ్వుతున్న ఫోటో బయటపడ్డాయి. డాక్టరు ఆ ఫోటో అందుకుని, అలవాటుగా పళ్ళకేసి చూడబోయి, ఆ ఒక్కసారి మొహాలు చూశాడు. బట్టలన్నీ బీరువాలో ఖాళీ చేసి పెట్టిన అరలోకి వెళ్ళాయి.

ఖాళీ అయిన పెట్టెని కదిపే వీలు లేదు కాబట్టి అక్వేరియం ఉప్పు బస్తా అందులో పెట్టుకుంది. చేపల కొట్టు ఆయన తర్వాతసారి వచ్చినప్పుడు మూత ఎత్తి చూసి, ఉన్న పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.

"మంచిచోటే పెట్టారమ్మా."

"మరే," అంది వంతులత్త, చెంబుతో మంచినీళ్ళు తొట్టిలో పోస్తూ. "ఉప్పు ఎక్కడికీ పోదు కదా."